స్టోమా చుట్టూ చర్మవ్యాధులు: ఇన్ఫెక్షన్ కారణమా, పర్యవసానమా?

వ్యాససంగ్రహం: పేగు లేదా మూత్రమార్గ శస్త్రచికిత్సలో పొట్టపై ఏర్పరచే కృత్రిమ ద్వారాన్ని స్టోమా అంటారు. దాని చుట్టూ చర్మం ఎర్రబడి, ఒరిసి, పుండ్లు పడడాన్ని సాధారణంగా 'ఇన్ఫెక్షన్' అనే ఒక్క మాటతో వ్యవహరిస్తున్నారు. ఈ సందర్భాల్లో అధికభాగానికి మూలం సూక్ష్మజీవి కాదని, సంచి అంచు కింద నుంచి కారే విసర్జకమని, సూక్ష్మజీవి ఆ తరువాత వచ్చి చేరుతుందని ఈ వ్యాసం వివరిస్తుంది. చికిత్సలో మందు ఎంపికతో పాటు ఆ మందు ఏ రూపంలో ఉన్నదనేది ఎందుకు నిర్ణాయకమో చర్చిస్తుంది.

కీలకపదాలు: స్టోమా, ఇలియోస్టమీ, కాండిడా, చర్మశోథ, తపసి బంక, బేస్‌ప్లేటు.

1. ఉపోద్ఘాతం

'స్టోమా' గ్రీకు పదం. నోరు అని దాని అర్థం. పెద్దపేగును పొట్టగోడ మీదికి తెచ్చి కుడితే కొలోస్టమీ, చిన్నపేగు చివరి భాగాన్ని తెస్తే ఇలియోస్టమీ, మూత్రాన్ని మళ్ళించేందుకు చేసేది యూరోస్టమీ. క్యాన్సర్, పేగుపూత వ్యాధులు, ప్రమాదాలు, శిశువుల్లో పుట్టుకతో వచ్చే మలద్వార లోపాలు ఇందుకు ప్రధాన కారణాలు. భారతదేశంలో టైఫాయిడ్ వల్లనో, క్షయ వల్లనో చిన్నపేగుకు రంధ్రం పడి అత్యవసరంగా చేసే ఇలియోస్టమీలు కూడా తక్కువేమీ కాదు. అత్యవసరం అన్న ఈ ఒక్క లక్షణమే తరువాతి చర్మబాధలకు చాలావరకు బీజం వేస్తుంది. ఆ సంగతి ముందు ముందు తెలుస్తుంది.

స్టోమా ఉన్న వ్యక్తి దాని చుట్టూ అతికించుకునే సంచి సాధారణంగా రెండు భాగాలుగా ఉంటుంది: చర్మానికి అంటుకునే పలక, దానికి తగిలించే సంచి. పలకను వాడుకలో బేస్‌ప్లేటు లేదా ప్లేటు అంటారు. ఆ ప్లేటు నిలవాలంటే చర్మం పొడిగా, చదునుగా, చెక్కుచెదరకుండా ఉండాలి. చర్మం అలా ఉండాలంటే ప్లేటు కింద ఏదీ కారకూడదు. ఒకదాని క్షేమం మరొకదానిపై ఆధారపడిన ఈ స్థితిలో ఏ ఒక్కటి చెడినా రెండవది వెంటనే చెడుతుంది. చెమ్మబారిన చర్మానికి ప్లేటు అంటదు, అంటని ప్లేటు మళ్ళీ కారుతుంది. స్టోమా చర్మవ్యాధుల చికిత్స అంతా ఈ విషవలయాన్ని ఎక్కడ తెంచాలన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

2. మంట, దురద, నొప్పి

రోగి చెప్పే మాటల్లోనే నిదానానికి తొలి ఆధారం దొరుకుతుంది. తెలుగులో మంట, దురద, నొప్పి అనే మూడు మాటలకు స్పష్టమైన వ్యత్యాసం ఉంది. విసర్జకం తగిలి చర్మం పైపొర కరిగినప్పుడు రోగి ముందుగా చెప్పేది మంట. శిలీంధ్రం చేరినా, ప్లేటులోని పదార్థం పడకపోయినా దురద ముందుకు వస్తుంది. వెంట్రుక కుదుళ్ళలో చీము పట్టినా, లోతైన పుండు పడినా చెప్పేది నొప్పి. ఇవి కచ్చితమైన గీతలు కావు. కాండిడాలో మంట, దురద కలిసే ఉండవచ్చు. అయినా 'ఇన్ఫెక్షన్ అయింది' అన్న ఒకే వాక్యంతో ఆసుపత్రి చీటీ మీదికి ఎక్కే సమాచారం కన్నా ఇది ఎంతో విలువైనది. రోగి మూడు మాటల్లో చెప్పినదాన్ని వైద్య వ్యవహారం ఒక్క మాటకు కుదించడం ఇక్కడ నిజంగా నష్టం చేస్తున్నది.

2.1 విసర్జకం చేసే గాయం

ఆరోగ్యవంతమైన చర్మం ఉపరితలం స్వల్పంగా ఆమ్ల గుణం కలిగి ఉంటుంది. ఇలియోస్టమీ నుంచి వచ్చే ద్రవం క్షార గుణం వైపు మొగ్గి ఉంటుంది. అందులో మాంసకృత్తులను, కొవ్వును జీర్ణం చేసే ఎంజైములు, పైత్యరసం ఇంకా చురుగ్గా ఉంటాయి. రోజుకు సుమారు 500 నుంచి 1000 మిల్లీలీటర్ల వరకు ఈ ద్రవం వస్తుంది. అది చర్మంపై నిలిస్తే, లోపల అన్నాన్ని జీర్ణం చేసినట్లే బయట చర్మాన్ని జీర్ణం చేయడం మొదలుపెడుతుంది. కొన్ని గంటలలోనే చర్మం ఎర్రబడి, పైపొర ఊడి, తడిగా మెరిసే పచ్చి ప్రదేశం బయటపడగలదు. పెద్దపేగు చివరి భాగం నుంచి వచ్చే విసర్జకం గట్టిగా ఉండి, ఎంజైములు తక్కువ కనుక కొలోస్టమీ ఉన్నవారికి ఈ బాధ తక్కువ. యూరోస్టమీ తీరు వేరు. అక్కడ ఎంజైములు ఉండవు. ఎడతెగని తడి ఉంటుంది. క్షార గుణం గల మూత్రంలో నానిన చర్మం తెల్లబడి, దళసరెక్కి, కాయలు కాచినట్లు బుడిపెలుగా పెరుగుతుంది. కొన్నిసార్లు తెల్లని లవణపు రవ్వలు కూడా పేరుకుంటాయి.

ఈ గాయంలో సూక్ష్మజీవి పాత్ర లేదు. ఇది రసాయనిక దహనం. యాంటీబయాటిక్ ఎంత ఇచ్చినా లీకు ఆగనిదే మానదు. లీకు ఆగితే చాలాసార్లు ఏ మందూ లేకుండానే కొద్ది రోజుల్లో కొత్త చర్మం కప్పుకుంటుంది.

2.2 కాండిడా

వరినాట్ల కాలంలో రోజంతా బురదనీటిలో నిలిచినవారి కాలివేళ్ళ సందులు ఒరిసిపోవడం పల్లెల్లో అందరికీ తెలిసినదే. ముందు చర్మం నాని తెల్లబడుతుంది, ఆపైన శిలీంధ్రం చేరుతుంది. ప్లేటు కింద జరిగేది కూడా ఇదే. చెమ్మ, వెచ్చదనం, చీకటి, పగిలిన చర్మం. కాండిడాకు ఇంతకన్నా అనుకూలమైన చోటు లేదు. పైగా అది పేగులో సహజంగానే నివసించే జీవి కనుక వెలుపలి నుంచి రావలసిన పనే లేదు. మధుమేహం ఉన్నవారు, కీమోథెరపీ లేదా స్టిరాయిడ్లు తీసుకుంటున్నవారు, ఇటీవల యాంటీబయాటిక్‌లు వాడినవారు దీనికి సులువుగా గురవుతారు. కోస్తా జిల్లాల ఉక్కపోత అదనపు కారణం.

గుర్తించే లక్షణం ఒకటి ఉంది. ప్రధాన మచ్చ అంచుకు వెలుపల, దానికి అంటకుండా, చెదురుమదురుగా చిన్న చిన్న పొక్కులు కనిపిస్తాయి. వైద్యులు వీటిని ఉపగ్రహ పొక్కులంటారు. విసర్జకం వల్ల కలిగిన గాయం విసర్జకం పారిన మేరకే ఉంటుంది. శిలీంధ్రం ఆ సరిహద్దును దాటుతుంది.

పాఠ్యగ్రంథాలలోని చిత్రాల్లో ఎక్కువభాగం తెల్లని చర్మంపై తీసినవి. 'ఎర్రదనం' అని అక్కడ వర్ణించేది చామనఛాయ, నలుపు చర్మంపై ముదురు గోధుమ రంగుగానో, ఊదాగానో, ఒక్కోసారి కేవలం మెరుపుగానో కనిపిస్తుంది. అందువల్ల ఇక్కడి రోగుల విషయంలో రంగు కన్నా చేతికి తగిలే వెచ్చదనం, చెమ్మ, పొక్కుల అమరిక నమ్మదగిన గుర్తులు. అలాగే వ్యాధి నయమైన తరువాత కూడా నల్లమచ్చ నెలల తరబడి మిగలవచ్చు. దానిని తగ్గని ఇన్ఫెక్షన్‌గా భావించి మందు కొనసాగించడం తరచుగా జరిగే పొరపాటు.

2.3 కుదుళ్ళ చీము, ఇతర వ్యాధులు

ప్లేటు బాగా అంటాలని పొట్టపై వెంట్రుకలను తరచు గీయించుకునేవారిలో, లేదా ప్లేటును ఒక్క ఊపున లాగేవారిలో, వెంట్రుక కుదుళ్ళు గాయపడతాయి. వాటిలోకి స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా ప్రవేశిస్తుంది. ప్రతి వెంట్రుక మొదట్లో ఒక చీముపొక్కు కనిపిస్తుంది. స్టోమా చుట్టూ నిజంగా బాక్టీరియా వల్ల వచ్చే వ్యాధుల్లో ఇదే ప్రముఖం. పొక్కు వెంట్రుక చుట్టూ ఉన్నదా, వెంట్రుకతో సంబంధం లేకుండా ఉన్నదా అన్న ఒక్క పరిశీలన దీనిని కాండిడా నుంచి వేరు చేస్తుంది.

ప్లేటు ఆకారంలోనే, గీత గీసినట్లు దురద మచ్చ ఏర్పడితే అది ఆ పదార్థం పడకపోవడమని అనుమానించాలి.

ఇన్ఫెక్షన్ వలె కనిపించి వైద్యులను సైతం దారి తప్పించేది మరొకటి ఉంది: పయోడెర్మా గాంగ్రీనోసం. పేగుపూత వ్యాధులు ఉన్నవారిలో ఎక్కువగా వస్తుంది. చిన్న పొక్కుగా మొదలై వేగంగా పెరుగుతుంది. అంచులు ఊదారంగులో, లోపలికి తొలిచినట్లు ఉంటాయి. పుండు పరిమాణానికి మించిన తీవ్రమైన నొప్పి ఉంటుంది. పేరులో చీము ఉన్నా ఇది సూక్ష్మజీవి వల్ల వచ్చేది కాదు, రోగనిరోధక వ్యవస్థ గతి తప్పడం వల్ల వచ్చేది. చెడిన కణజాలమని భావించి కోసి శుభ్రం చేస్తే పుండు మరింత విస్తరిస్తుంది. దీనికి కావలసినది కత్తి కాదు, నిరోధక వ్యవస్థను శాంతింపజేసే మందు.

3. చారిత్రక నేపథ్యం: తపసి బంక

స్టోమా చర్మవ్యాధుల చరిత్రలో ఔషధాల కన్నా శస్త్రచికిత్సా విధానం, జిగురు, శిక్షణ పెద్ద మలుపులు తెచ్చాయి. 1950ల ముందు ఇలియోస్టమీని చర్మంతో దాదాపు సమానంగా ఉంచేవారు. ద్రవం నేరుగా చర్మంపైకే పారేది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో శస్త్రవైద్యుడు బ్రయన్ బ్రూక్ పేగు చివరను చొక్కా చేతిమడతలా వెనక్కి తిప్పి కుట్టే పద్ధతిని 1952లో ప్రకటించారు. దానితో పేగు రెండు సెంటీమీటర్లకు పైగా ముందుకు పొడుచుకు వచ్చి, ద్రవం చర్మాన్ని తాకకుండా సంచిలోకే పడే అవకాశం ఏర్పడింది. నేటికీ ఇదే ప్రామాణిక విధానం.

అదే దశాబ్దంలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రూపర్ట్ టర్న్‌బుల్ కరాయా బంక పొడి తడి చర్మాన్ని కూడా పట్టుకోగలదని గుర్తించి దానిని స్టోమా చర్మరక్షణకు వాడారు. ఈ కరాయా బంక స్టెర్క్యులియా యురెన్స్ అనే చెట్టు నుంచి వస్తుంది. తెలుగువారు దానిని తపసి చెట్టు అంటారు. కొన్ని ప్రాంతాల్లో కవిలి అని కూడా వ్యవహారం. తూర్పు కనుమల్లోనూ గోదావరి పరీవాహక అడవుల్లోనూ ఆదివాసులు దీనిని సేకరిస్తారు. విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసే అటవీ ఉత్పత్తులలో ఈ బంక ముఖ్యమైనది. ప్రపంచ మార్కెట్టుకు కరాయా బంక సరఫరాలో చాలాకాలం భారతదేశానిదే పెద్ద వాటాగా ఉండేది.

ఈ బంక నీటిని పీల్చి ఉబ్బుతుంది. దాని నుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లం వల్ల వెనిగర్ వాసన వస్తుంది. ఆ స్వల్ప ఆమ్ల గుణం క్షార విసర్జకానికి కొంత విరుగుడుగా పనిచేసింది. లోపాలూ ఉన్నాయి. మూత్రానికి, పలుచని విసర్జకానికి త్వరగా కరిగిపోయేది. వేడికి మెత్తబడేది. పచ్చి చర్మానికి మంట పుట్టించేది. తరువాత వచ్చిన జెలటిన్, పెక్టిన్, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ మిశ్రమంతో చేసిన హైడ్రోకొల్లాయిడ్ ప్లేట్లు దాని స్థానాన్ని ఆక్రమించాయి. అవి చెమటను పీలుస్తూనే చర్మాన్ని అంటిపెట్టుకుంటాయి. బంకను ఇచ్చిన అడవి దగ్గరి రోగికి ఆ ప్లేటు నేడు ఖరీదైన వస్తువుగా దూరంగా ఉండడం ఈ చరిత్రలోని ఒక వైపరీత్యం.

టర్న్‌బుల్ వద్ద 1954లో ఇలియోస్టమీ చేయించుకున్న నార్మా గిల్‌ను ఆయన 1958లో ఇతర రోగులకు నేర్పేందుకు నియమించారు. 1961లో అక్కడే తొలి శిక్షణ కార్యక్రమం మొదలైంది. చర్మాన్ని కాపాడే విద్యకు తొలి గురువు స్వయంగా రోగి కావడం యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం.

4. చికిత్స: మందు రూపమే నిర్ణాయకం

సాధారణ చర్మవ్యాధికి లేపనం రాస్తారు. స్టోమా చుట్టూ లేపనం రాస్తే ప్లేటు అంటదు. కొబ్బరినూనె, వెన్న, పసుపు కలిపిన నూనె, జిడ్డుగల ఏ పూతకైనా ఇదే ఫలితం. మందు వ్యాధిని తగ్గించేలోపు లీకు వ్యాధిని రెట్టింపు చేస్తుంది. ప్లేటు వాడేవారికి మందు పొడి రూపంలో ఉండాలనడానికి కారణం ఇదే. కాండిడాకు నిస్టాటిన్, మైకొనజోల్ లేదా క్లోట్రిమజోల్ పొడి, పచ్చి చర్మానికి స్టోమా పొడి వాడతారు.

పొడి వాడే తీరులో ఒక నేర్పు ఉంది. ప్లేటును పైనుంచి కిందికి, ఒక చేత్తో చర్మాన్ని అదిమి పట్టుకుని మెల్లగా తీయాలి. గోరువెచ్చని నీటితో కడగాలి. సబ్బులోని నూనెలు, క్రిమినాశక ద్రావణాలు రెండూ అవసరం లేదు, రెండూ హాని చేసేవే. రుద్దకుండా ఒత్తి తుడిచి గాలికి ఆరనివ్వాలి. పొడిని పలుచగా చల్లితే తడి ఉన్నచోట అది అంటుకుంటుంది, మిగిలినది దులిపివేయాలి. దానిపై ఆల్కహాలు లేని చర్మరక్షక ద్రావణాన్ని అద్ది ఆరనిస్తే సన్నని పెచ్చు ఏర్పడుతుంది. అవసరమైతే మరొకసారి ఇదే చేయాలి. ఆ పెచ్చు మీద ప్లేటు అంటుతుంది. అతికించే ముందు ప్లేటును అరచేతుల మధ్య వెచ్చబరచి, అతికించాక ఒకటి రెండు నిమిషాలు చేతితో అదిమి ఉంచాలి. దులపకుండా వదిలిన మందపాటి పొడి మాత్రం ప్లేటును నిలవనివ్వదు. పౌడరు ఎక్కువైతే మేలు కూడా ఎక్కువని భావించే ఇళ్ళలో ఈ మాట ప్రత్యేకించి చెప్పవలసి వస్తుంది. కాండిడా పైకి తగ్గినట్లు కనిపించగానే మందు ఆపితే తిరగబెడుతుంది కనుక వైద్యుడు చెప్పిన గడువు వరకు కొనసాగించాలి.

కుదుళ్ళ చీముకు గీయడం ఆపడమే మొదటి చికిత్స. వెంట్రుకలను కత్తెరతోనో, విద్యుత్ ట్రిమ్మర్‌తోనో కురచ చేస్తే చాలు. విస్తరించినప్పుడు యాంటీబయాటిక్ అవసరమవుతుంది. యూరోస్టమీ బుడిపెలకు, రవ్వలకు సమభాగాలుగా నీరు కలిపిన వెనిగర్‌తో తడిపిన గుడ్డను కొన్ని నిమిషాలు ఉంచడం పాత పద్ధతి, నేటికీ వాడుకలో ఉంది. బంకలోని వెనిగర్ గుణం మరో దారిలో తిరిగి వచ్చినట్లయింది.

మందుల దుకాణాలలో చీటీ లేకుండానే దొరికే మిశ్రమ లేపనాల గురించి ఇక్కడ హెచ్చరిక అవసరం. బలమైన స్టిరాయిడ్, శిలీంధ్రనాశకం, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ఈ గొట్టాలు రెండు రోజుల్లో మంటను, దురదను అణచి నమ్మకం కలిగిస్తాయి. ఆ చాటున శిలీంధ్రం రూపు మార్చుకుని పెరుగుతుంది, చర్మం పలుచబడుతుంది. దేశమంతటా తామర చికిత్సను జటిలం చేసిన దురలవాటే ఇక్కడా ప్రవేశించింది. అనుమానం మీద మింగే యాంటీబయాటిక్ కూడా విసర్జక గాయాన్ని మాన్పదు సరికదా, కాండిడాకు దారి సుగమం చేస్తుంది. తొలుత లేని ఇన్ఫెక్షన్‌ను చికిత్సే తెచ్చిపెట్టడమంటే ఇదే.

సంచి కొనలేక గుడ్డ కట్టుకునేవారి విషయం వేరు. అక్కడ అంటవలసిన ప్లేటే లేదు కనుక జింకు ఆక్సైడు లేపనం దళసరిగా రాసి చర్మానికి కవచంగా వాడవచ్చు. ఒకరికి చెప్పిన నియమం మరొకరికి వర్తించదని గ్రహించకుండా కరపత్రాలు ముద్రించడం వల్ల ప్రయోజనం స్వల్పం.

వేడిగా, వేగంగా పాకే వాపుతో జ్వరం వచ్చినా, స్టోమా పక్కనుంచి చీము గానీ విసర్జకం గానీ వస్తున్నా, స్టోమా రంగు నల్లబడినా ఇంటి సంరక్షణతో ఆగకుండా వెంటనే శస్త్రవైద్యుని చూడాలి.

5. లీకును వెతకడం

లీకు ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికి తీసిన ప్లేటును పారవేయకుండా వెనక్కి తిప్పి చూడాలి. జిగురు కరిగి తెల్లబడిన భాగం, విసర్జకం పాకిన చార అక్కడ కనిపిస్తాయి. దానిని చర్మంపై గాయం ఉన్న చోటుతో పోల్చితే కారణం తెలుస్తుంది. చుట్టూ సమంగా వలయంలా గాయం ఉంటే రంధ్రం పెద్దగా కత్తిరించారన్నమాట. ఒకే దిక్కున ఉంటే ఆ వైపు ముడత గానీ, పాత కుట్టు గుంట గానీ ఉండాలి. రంధ్రం స్టోమా కన్నా రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పెద్దగా ఉండకూడదు. శస్త్రచికిత్స తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాల వరకు స్టోమా వాపు తగ్గి కుంచించుకుపోతుంది. ఆసుపత్రిలో ఇచ్చిన తొలి కొలతతోనే నెలల తరబడి ప్లేటు కత్తిరించుకునేవారు తెలియకుండానే ప్రతిసారీ చర్మాన్ని విసర్జకానికి అప్పగిస్తున్నారు.

లోపలికి కుంగిన స్టోమాకు ఉబ్బెత్తు ప్లేటు, ముడతలకు పూడ్చే పేస్టు లేదా వలయం ఉన్నాయి. అయితే చోటు ఎంపికే మొదట తప్పితే వీటితో సర్దుబాటు మాత్రమే సాధ్యం. ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సలో నర్సు రోగిని నిలబెట్టి, కూర్చోబెట్టి, వంగమని చెప్పి చోటును గుర్తిస్తుంది. తెలుగునాట ఈ పరీక్షలో కుర్చీ ఒక్కటే చాలదు. బాసిపట్టు వేసుకున్నప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు పొట్టపై పడే ముడతలు వేరు. లోపావడా బొందు, పంచె ముడి, మొలతాడు వచ్చే గీతను తప్పించాలి. రోగి తన స్టోమాను తాను చూడగలగాలి. అత్యవసర శస్త్రచికిత్సలో ఇందుకు వ్యవధి ఉండదు. టైఫాయిడ్ రంధ్రంతో అర్ధరాత్రి చేరిన యువకుని స్టోమా బొందు గీత మీద పడడం, పొలానికి వెళ్ళిన తొలిరోజే ప్లేటు ఊడడం ఈ కారణంగానే జరుగుతాయి.

పేదరికం కూడా లీకుకు ఒక కారణం. మూడు నాలుగు రోజులకు మార్చవలసిన ప్లేటును అంచులకు టేపు వేసి వారం పదిరోజులు లాగించడం దినకూలీ కుటుంబాలకు తప్పని పని. టేపు వాసనను, బయటి తడిని ఆపుతుంది. లోపల చేరిన విసర్జకాన్ని మాత్రం చర్మం మీదే బంధిస్తుంది.

6. అడగడం, చూడడం

డెన్మార్కులో శాశ్వత స్టోమా ఉన్నవారిపై జరిపి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పరీక్షించినవారిలో 45 శాతం మందికి చర్మవ్యాధి కనిపించింది. వారిలో తమకు వ్యాధి ఉన్నదని గుర్తించినవారు సగం కన్నా తక్కువ. 80 శాతానికి పైగా ఎవరి సహాయమూ కోరలేదు. స్టోమా ఉంటే చర్మం ఇలాగే ఉంటుందని వారు భావించారు. శిక్షణ పొందిన నర్సులు అందుబాటులో ఉన్న దేశంలోనే పరిస్థితి ఇది.

అందువల్ల 'ఏమైనా ఇబ్బంది ఉన్నదా' అన్న ప్రశ్నకు వచ్చే 'ఏమీ లేదండీ' అన్న జవాబును సమాచారంగా పరిగణించలేము. సంచి తీయించి చూడవలసిందే. చూసినదాన్ని నమోదు చేయడానికి రంగు మార్పు, పైపొర ఊడడం, అదనపు పెరుగుదల అనే మూడు అంశాలకు ఒక్కొక్కదానికి ఐదు చొప్పున, మొత్తం పదిహేను మార్కులతో డెట్ అనే కొలమానం ఉంది. ఒక సందర్శనకూ మరొక సందర్శనకూ మధ్య చర్మం మెరుగైందో లేదో చెప్పడానికి అది చాలు. దానితో పాటు వృత్తాకార రంధ్రాలు గల కొలత అట్ట ఒకటి, వచ్చేటప్పుడు రోగి కవరులో చుట్టి తీసుకురావలసిన, చివరిగా వాడిన ప్లేటు ఒకటి ఉంటే బయటిరోగుల విభాగంలోని పరీక్షకు కావలసిన సామగ్రి దాదాపు సమకూరినట్లే. ఆ ప్లేటు తెమ్మని డిశ్చార్జి చీటీలో తెలుగులో ఒక వాక్యం రాసి ఇవ్వడానికి ఖర్చేమీ లేదు.